పెరట్లో తంగేడు: గింజ నానబెట్టడం నుంచి బతుకమ్మ పూల దాకా

నల్లగొండ, పాలమూరు దిక్కున ఏ పొలం గట్టు చూసినా, ఏ రాళ్ల బీడు చూసినా తంగేడు పొదలు దండిగా ఉండేవి. ఎవరూ నాటింది లేదు, నీళ్లు పోసింది లేదు. ఇప్పుడు గట్లు చదునవుతున్నాయి, బీళ్లు ప్లాట్లవుతున్నాయి. పెద్దల అమావాస్య దగ్గర పడిందంటే మిగిలిన నాలుగు పొదల మీదా అందరూ పడి, కొమ్మలకు కొమ్మలు విరుచుకుపోతున్నారు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన పువ్వు ఇది. దీన్ని ఇంటి దగ్గర పెంచుకోవడానికి అయిదడుగుల జాగ, మంచి ఎండ ఉంటే సరిపోతుంది.

కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. పెరట్లో తంగేడు ఎండి చచ్చేది తక్కువ, తడిసి చచ్చేది ఎక్కువ. గులాబీకి పోసినట్టు రోజూ ఇన్ని నీళ్లు పోసి, నెలనెలా ఎరువు వేసి సాకితే మొదటి ఏడే వేరు కుళ్లి పోతుంది. కింద చెప్పే పనుల్లో సగం చేయాల్సినవైతే, మిగతా సగం చేయకుండా ఊరుకోవాల్సినవి.

ముందు అది తంగేడేనా?

నర్సరీలో తంగేడు అని అడిగితే చాలాసార్లు సీమతంగేడు చేతిలో పెడతారు. అది రోడ్ల పక్కన నాటే పెద్ద చెట్టు, పెరట్లో పెడితే నాలుగేళ్లలో నీడంతా అదే పరుచుకుంటుంది. పల్లెల్లో కసివిందను చూసి తంగేడనుకునేవాళ్లూ ఉన్నారు. పువ్వులన్నీ పసుపే కాబట్టి పువ్వును చూసి తేల్చుకోవద్దు, ఆకు మొదలు చూడండి. అసలు తంగేడుకు ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోట రెండు పక్కలా చెవి తమ్మెల్లాంటి చిన్న ఆకులుంటాయి. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలోని రెండో మాటకు చెవులున్నది అనే అర్థం. ఇంకా అనుమానంగా ఉంటే ఆకు ఈనెను వెలుతురుకు పట్టి చూడండి. జంటగా ఉండే చిట్టి ఆకుల నడుమ, ప్రతి జంట దగ్గరా సన్నటి ముల్లులా ఒక గ్రంథి నిలబడి కనిపిస్తుంది. ఈ రెండు గుర్తులూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

గింజ సేకరణ

బీట్లో ఉన్న పొదను గడ్డపారతో పెకిలించి తెచ్చి నాటుదామని చూడకండి. మూరెడు పొద కింద అంతకు మించిన తల్లివేరు ఉంటుంది, అది రాళ్ల సందుల్లోకి దిగి ఉంటుంది. తవ్వినప్పుడు తెగేది అదే. తెచ్చిన పొద నాలుగు రోజులు పచ్చగా కనిపించి వాడిపోతుంది, అక్కడ బీట్లోనూ ఒక పొద తగ్గుతుంది. కొమ్మలు నాటినా వేళ్లు పట్టడం అరుదు. గింజే సరైన దారి.

కాయలు చలికాలం చివర, సంక్రాంతి దాటాక ముదురుతాయి. చపటగా, కాగితంలా పలచగా, జానెడుకు తక్కువ పొడవుంటాయి. రంగు గోధుమ తిరిగి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. పచ్చి కాయ కోసుకొచ్చి ఎండబెట్టిన గింజ చాలావరకు తాలుగా పోతుంది. ఒకే పొద కాయలన్నీ దూసుకురాకుండా అయిదారు పొదల నుంచి తలా నాలుగైదు కాయలు తీసుకోండి. అక్కడ మళ్లీ మొలవడానికి గింజ మిగులుతుంది, మీ దగ్గరా రకరకాల మొక్కలు వస్తాయి. గట్ల మీద, రోడ్డు వారల దొరికేది చాలు. నల్లమలలాంటి రక్షిత అడవిలోకి పోయి కోయకండి.

ఇంటికి తెచ్చాక కాయలు చిదిమి గింజలు వేరుచేసి, ఒక్కొక్కటీ చూడండి. గుండ్రటి సన్న కన్నం ఉంటే లోపలి పప్పును పురుగు తినేసిందన్న మాట, పారేయండి. మంచివాటిని రెండు రోజులు నీడలో ఆరబెట్టి, పిడికెడు పొయ్యి బూడిద కలిపి మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టండి. అయిదు మొక్కలు కావాలంటే 30 గింజలు ఉంచుకోవాలి.

గింజను మేల్కొలపడం

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గింజ అట్లే మట్టిలో పెట్టి, నెల రోజులు నీళ్లు చల్లి, మొలకెత్తలేదని వదిలేస్తారు. గింజ చెడిపోలేదు, దాని పెంకు నీటిని లోపలికి రానివ్వడం లేదు. కరువు నేలలో బతకడానికి ఆ గింజకున్న ఉపాయం అది. ఒక్క జల్లుకే అన్నీ మొలిస్తే, తర్వాత పది రోజులు వాన మొహం చాటేసినప్పుడు అన్నీ మాడిపోతాయి. అందుకే కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు మొలిచేలా పెంకు గట్టిగా కట్టుకుంటుంది. పెరట్లో మనకు అంత ఓపిక ఉండదు కాబట్టి ఆ పెంకును మెత్తబరచాలి.

ఒక గ్లాసు నీళ్లు తెర్లేదాకా కాచి, పొయ్యి ఆర్పి, రెండు నిమిషాలు ఆగండి. స్టీలు గిన్నెలో గింజలు వేసి ఆ నీళ్లు వాటి మీద పోసి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. గింజల్ని పొయ్యి మీదే ఉడికించొద్దు, లోపలి మొలక చచ్చిపోతుంది. పొద్దున చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. నీళ్లు తాగిన గింజ దాదాపు రెండింతలు ఉబ్బి, పెంకు మెత్తబడి, గోటితో నొక్కితే దిగుతుంది. తాగనిది నిన్న ఎట్లుందో అట్లే చపటగా, రాయిలా ఉంటుంది. ఉబ్బినవాటిని ఆ రోజే నాటేయాలి. ఉబ్బనివాటికి ఇంకోసారి వేడినీళ్లు పోయండి, లేదా గరుకు కాగితం మీద గింజ అంచును పది పన్నెండు సార్లు రుద్ది మామూలు నీళ్లలో నానబెట్టండి. అంచు కాస్త తెల్లబడితే చాలు, లోపలి పప్పు దాకా అరగదీయొద్దు. మొలక వచ్చే మొన ఉన్న వైపు అసలే ముట్టొద్దు.

ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా నాటాలి

మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడి, నేల జానెడు లోతు తడిసిన మర్నాడు గింజ పెట్టడం అన్నిటికంటే మేలు. జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం దాకా అదను ఉంటుంది. తల్లివేరు ఏ అడ్డూ లేకుండా నేరుగా కిందికి దిగుతుంది, చలికాలం వచ్చేసరికి తన నీళ్లు తాను వెతుక్కుంటుంది. కవర్లో పెంచి నాటిన మొక్క మొదట్లో పెద్దగా కనిపించినా, రెండో ఎండాకాలం నాటికి గింజ మొక్క దాన్ని దాటిపోతుంది.

జాగ ఎంచుకునేటప్పుడు ఎండ ముఖ్యం. రోజుకు ఆరు గంటలు సూటిగా ఎండ పడాలి. వేపచెట్టు నీడలో పెడితే బతుకుతుంది కానీ కొమ్మలు సన్నగా సాగి, పూలు తక్కువ పూస్తాయి. బోరు పంపు దగ్గర, గిన్నెలు తోమే చోట, బాత్రూం నీళ్లు పారే కాలువ పక్కన అసలే వద్దు.

ఎర్ర చెల్కయితే ఏ తంటా లేదు. దుబ్బ నేలయినా, గులకరాళ్లున్నా తంగేడుకు ఇష్టమే. నల్లరేగడి ఉన్నవాళ్లు మాత్రం ముందు ఒక పరీక్ష చేయండి. అడుగున్నర లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. మర్నాటికి కూడా అడుగున నీళ్లు నిలిచి ఉంటే అక్కడ మామూలుగా నాటొద్దు. మూడడుగుల వెడల్పున, అడుగు ఎత్తున ఎర్రమట్టి, దొడ్డు ఇసుక కలిపి దిబ్బ పోసి, దాని మీద పెట్టండి.

అడుగున్నర పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయండి. తీసిన మట్టిలో పెద్ద రాళ్లు ఏరేసి, రెండు దోసిళ్ల మాగిన పశువుల ఎరువు కలిపి తిరిగి నింపండి. అంతకు మించి ఎరువు వద్దు. పచ్చిపేడ వేస్తే చెదలు పడతాయి. యూరియా వేస్తే ఆకు మెత్తగా, ముదురు పచ్చగా ఏపుగా పెరిగి, పూలు వెనకబడి, పేనుబంక ముందు దానికే పడుతుంది. తంగేడు పప్పుజాతి మొక్క కాబట్టి కంది, పెసర లాగా వేళ్లకు బుడిపెలు కట్టి నేలకు నత్రజని ఇస్తుందని కొందరు రాస్తుంటారు. ఈ జాతి బుడిపెలు కట్టదు. రాలే ఆకే అది నేలకిచ్చే ఎరువు.

నింపిన మట్టిని కాలితో తేలిగ్గా తొక్కి, నడుమ జానెడు జాగలో నాలుగు గింజలు విడివిడిగా, 1 సెంటీమీటరు లోతున పెట్టండి. పైన తవ్విన మట్టి కప్పొద్దు, ఇసుక చల్లండి. చెల్క నేల గట్టి వాన పడి ఎండకాయగానే పైన పెచ్చు కడుతుంది. లేత మొలక ఆ పెచ్చును పగలగొట్టలేక కిందనే వంగి చచ్చిపోతుంది. మొలక రాలేదని అనుకున్న చోట పెచ్చు లేపి చూస్తే తెల్లగా ముడుచుకుని కనిపించేది అదే. ఇసుక పెచ్చు కట్టదు.

మొలక 7 నుంచి 15 రోజుల్లో వస్తుంది. కోళ్లు గీకకుండా చుట్టూ రేగు కంప వేయండి. మేకలు, పశువులు తంగేడును పెద్దగా ముట్టవు, మేత బీళ్లలో ఇది మిగిలిపోవడానికి కారణం అదే. అయినా లేత మొక్కను తొక్కేయగలవు, కంప ఉంటే నిమ్మళం. మొక్కలు జానెడు ఎత్తుకు వచ్చాక బలంగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావాటిని కత్తెరతో మొదలుకు కోసేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

కంచెలా వరుసగా కావాలంటే మొక్కకూ మొక్కకూ మూడడుగులు, ఒంటరి పొదగా గుండ్రంగా పెరగాలంటే అయిదారు అడుగులు వదలండి. గోడకు మూడడుగుల దూరం ఉండాలి.

కవర్లలోనే పెంచాలనుకుంటే పొడుగు కవర్లు తీసుకోండి, 6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు ఉండాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, అర పాలు మాగిన ఎరువు కలిపి నింపండి. ఏప్రిల్ మొదట్లో గింజ పెడితే వానలకు మొక్క సిద్ధమవుతుంది. రెండు నెలలు దాటి కవర్లో ఉంచొద్దు, తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. ఒకసారి చుట్ట పడిన వేరు భూమిలో పెట్టినా కిందికి దిగదు. అలాంటి మొక్క రెండేళ్లు బాగానే ఉండి, మూడో ఎండాకాలం ఉన్నట్టుండి వాడిపోతుంది.

నీళ్లు: మొదటి ఏడాది ఒక లెక్క, తర్వాత మరో లెక్క

వానలు పడుతున్నన్నాళ్లు నీళ్ల మాటే ఎత్తొద్దు. ఎనిమిది, పది రోజులు చినుకు లేకపోతే మొక్కకు 2 లీటర్లు పోయండి. చలికాలంలో 12 రోజులకోసారి 5 లీటర్లు. మొదటి ఎండాకాలం మార్చి నుంచి జూన్ దాకా వారం, పది రోజులకోసారి 10 లీటర్లు. ఒకేసారి పోయాలి, నెమ్మదిగా ఇంకాలి. రోజూ చెంబెడు చొప్పున పోస్తే పైన నాలుగు అంగుళాలే తడుస్తుంది. వేర్లు ఆ తడి కోసం పైనే తిరుగుతాయి, మీరు నాలుగు రోజులు ఊరెళ్లగానే మొక్క వాడిపోతుంది.

పాదు మొక్క మొదలు దగ్గర కాకుండా అడుగు దూరంలో గుండ్రంగా తీయండి. మొదలు చుట్టూ మట్టి కాస్త ఎత్తుగా ఉండాలి. ఎండుటాకు గానీ పల్లికాయ పొట్టు గానీ రెండు అంగుళాల మందం పరవండి, కాండానికి మాత్రం బెత్తెడు దూరం ఉంచండి. కాండానికి తగిలేలా పరిస్తే చెదలు దాని చాటునే పైకెక్కుతాయి.

రెండో ఎండాకాలం నెలకోసారి 15 లీటర్లు సరిపోతాయి. మూడో ఏడు నుంచి వాన నీళ్లే చాలు. పాలమూరు దిక్కున ఏడాదికి దాదాపు 600 మిల్లీమీటర్ల వానలోనే బీళ్లలోని పొదలు బతికాయి. డ్రిప్ పెట్టినవాళ్లు రెండో ఏడు ఆ మొక్క దగ్గరి డ్రిప్పర్‌ను మూసేయాలి.

మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు తంగేడు కింది ఆకులు పసుపు తిరిగి రాలుతాయి, పొద పలచబడుతుంది. అది జబ్బు కాదు, నీటిని దాచుకోవడం. కంగారుపడి బిందెలకు బిందెలు పోస్తే నష్టం అక్కడే మొదలవుతుంది. ఆకు రాలడం ఎండకో, తడికో తెలుసుకోవాలంటే వేలును మట్టిలోకి పూర్తిగా దింపి చూడండి. మట్టి పొడిగా ఉండి ఆకు రాలితే ఎండ. మట్టి తడిగా ఉండి, చిగుళ్లు కూడా వేలాడుతూ, మొదలు దగ్గర బెరడు నల్లబడి గోటికి మెత్తగా తగిలితే వేరుకుళ్లు. అప్పుడు నీళ్లు పూర్తిగా ఆపి, మొదలు చుట్టూ మట్టి తోడి గాలి తగలనివ్వండి. బెరడు చుట్టూరా కుళ్లితే మాత్రం ఆ మొక్క దక్కదు.

నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పాదులో నీళ్లు ఆరాక తెల్లటి పొర కనిపిస్తే ఆ పొరను తట్టతో ఎత్తి పారేయండి. వానాకాలం డాబా మీది నీళ్లను ఒక్కసారైనా ఆ పాదులోకి మళ్లిస్తే చేరిన ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

కత్తిరింపులోనే పండుగ పువ్వు ఉంది

తంగేడు కొత్త కొమ్మల చివర పూస్తుంది. కత్తిరించకుండా వదిలేస్తే మూడేళ్లకు కింద మోడుగా, పైన నాలుగు ఆకులు, అందనంత ఎత్తున నాలుగు పూలుగా తయారవుతుంది. పొద గుబురుగా ఉండాలన్నా, బతుకమ్మకు పువ్వు అందాలన్నా కత్తెర పట్టాల్సిందే.

మొదటి ఏడు మొక్క అడుగున్నర ఎత్తు రాగానే కొస గిల్లండి, పక్క కొమ్మలు నాలుగు వస్తాయి. అవి జానెడు సాగాక వాటి కొసలూ ఒకసారి గిల్లండి. రెండో ఏడు నుంచి మే చివర, రోహిణి కార్తెలో పొదను మోకాలి ఎత్తుకు, అంటే రెండడుగులకు కోయండి. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి మొదలంటా తీసేయండి. కోత ఏటవాలుగా, మొగ్గకు కాస్త పైన ఉండాలి. తొలకరి పడగానే ప్రతి మోడు నుంచి మూడు నాలుగు చిగుళ్లు లేస్తాయి.

జూలై చివరి తర్వాత కత్తెర ముట్టొద్దు. ఆగస్టులో గుబురు బాగుచేద్దామని కొసలు కోసినవాళ్లకు ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఆకు తప్ప ఏమీ ఉండదు. మొగ్గ పట్టాల్సిన కొసలన్నీ కోతలో పోతాయి. గింజ నుంచి పెంచిన మొక్క మామూలుగా రెండో వానాకాలానికి పూస్తుంది, మొదటి ఏడు పూయలేదని దిగులు పడకండి.

పువ్వు కోసేటప్పుడు కొమ్మ విరవకుండా పూల గుత్తిని కింది కాడతో కత్తిరించండి. పేర్చడానికి జానెడు కాడ సరిపోతుంది. కొమ్మను లాగి విరిస్తే బెరడు చీరి కిందిదాకా ఊడుతుంది, ఆ గాయం నుంచి కొమ్మ మొత్తం ఎండుతుంది. తెల్లవారుజామున కోసి, తడిబట్టలో చుట్టి నీడన పెడితే సాయంత్రం దాకా వాడవు.

పురుగులు, తుమ్మెదలు

వానాకాలం ఆకు అంచులు కొరికినట్టు కనిపిస్తే ఆకు ఈనె వెంట జాగ్రత్తగా చూడండి. ఆకు రంగులోనే సన్నటి పచ్చ పురుగు పడుకుని ఉంటుంది. పసుపు, లేత ఆకుపచ్చ రంగుల్లో ఎగిరే సీతాకోకచిలుకల పిల్లలవి, తంగేడు జాతి ఆకు వాటికి తిండి. రెండడుగులు దాటిన పొద ఆ మేతను తట్టుకుని పది పదిహేను రోజుల్లో మళ్లీ చిగురిస్తుంది, వదిలేయండి. జానెడు మొక్క మీద ఉంటే మాత్రం ఏరి పెద్ద పొద మీద వేయండి.

కొసల్లో పేనుబంక గానీ తెల్లటి పిండినల్లి గానీ చేరితే ముందు నీళ్లు గట్టిగా కొట్టి కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా చల్లండి. పూల మీద చల్లొద్దు. పొద్దుటి పూట అసలే వద్దు.

దానికి కారణం పువ్వులోనే ఉంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అది కూడా మూసిన సంచుల్లో, కొసన చిన్న రంధ్రంతో. పొద్దున్నే నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో కరుచుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లంతా జుమ్మని వణికిస్తుంది. ఆ వణుకుకు రంధ్రంలోంచి పుప్పొడి పొడిలా చిమ్ముతుంది. మందు చల్లి తుమ్మెదను తరిమితే పువ్వు పూస్తుంది కానీ కాయ సరిగ్గా పట్టదు. ఈ తుమ్మెదలు ఎండిన కొయ్యలో కన్నం చేసుకుని గూడు పెడతాయి. పెరట్లో ఒక మూల పాత దుంగ పడి ఉంటే పొయ్యిలో పెట్టకుండా వదిలేయండి.

సద్దుల బతుకమ్మ అయిపోయాక వచ్చే పూలు కోయకండి, కాయ కట్టనివ్వండి. పొదకు ఇరవై, ముప్పై కాయలు ఉంచుకుని మిగతావి పచ్చిగా ఉన్నప్పుడే తీసేస్తే పొద బలం పోదు. కాయ గోధుమ రంగు తిరిగే వారంలో రోజూ ఒకసారి చూస్తుండండి. పగిలే దాకా ఆగితే గింజలు పొద కింద రాలి చీమల పాలవుతాయి. కొన్ని కాయలను పలచటి గుడ్డ సంచిలో కట్టి కొమ్మకే వదిలేస్తే రాలినా గింజ సంచిలోనే ఉంటుంది. వచ్చే మృగశిరకు మీ గట్టు మీద నాటడానికి, అడిగిన పక్కింటివాళ్లకు ఇవ్వడానికి ఆ గింజలు సరిపోతాయి.